లేని వంతెన కింద పడవ

మా సంస్థలో పూర్వం తేదీలంటే ఎవరికీ భయం ఉండేది కాదు. మే నెలలో వేసిన రోడ్డుకు మార్చిలోనే బిల్లు అయిపోయేది. మార్చిలో బిల్లయిన రోడ్లు కొన్ని మే వచ్చినా, మరుసటి మే వచ్చినా కనపడేవి కావు. ఈ అరాచకాన్ని అంతం చేయాలని ప్రభుత్వం గట్టిగా అనుకుని, గ్రామీణ రాకపోకల అభివృద్ధి సంస్థకు, అంటే మాకు, 'కాలజ్ఞ' అనే సాఫ్ట్‌వేర్‌ను ప్రసాదించింది.

దాన్ని మాకు నేర్పడానికి రాజధాని నుంచి ఒక సలహాదారు వచ్చాడు. ఇకమీదట ప్రతి ఖర్చుకూ మూడు తేదీలుంటాయని చెప్పాడు. పని జరిగిన తేదీ ఒకటి, దాన్ని మేము కంప్యూటర్లో నమోదు చేసిన తేదీ ఇంకొకటి, అది లెక్కల్లోకి ఎక్కిన తేదీ మరొకటి. వీటిలో మొదటిది మేము టైపు చేయనక్కర్లేదు. సైటు దగ్గర ఫోనుతో తీసిన ఫొటోలోంచి కాలజ్ఞే దాన్ని తీసుకుంటుంది. ప్రాజెక్టు ప్రారంభ తేదీకి ముందు జరిగిన ఖర్చును అది ముట్టుకోదు. నెల ముగియగానే ఆ నెలకు తాళం పడుతుంది. తాళం పడిన నెలలో ఇక ఏమీ జరగదు.

ఒకవేళ జరిగితే ఏం చేయాలని నేను అడిగాను. నేను అక్కడ సీనియర్ అసిస్టెంటును, నమోదు చేసేది నేనే కాబట్టి అడగవలసి వచ్చింది. సలహాదారు నా వంక జాలిగా చూసి, జరగదండీ అన్నాడు.

మా డివిజన్‌కు పెద్ద ఇంజనీరు, ఈఈ ఈశ్వరప్రసాద్ గారికి ఆ మాట ఎంతో నచ్చింది. ఆయన పాతకాలపు ఆఫీసు తెలుగులో మాట్లాడతారు. ఇంతకాలమూ తేదీ నిజాన్ని అనుసరించిందనీ, ఇకపై నిజము తేదీని అనుసరించవలసి ఉంటుందనీ మాకు సెలవిచ్చారు. మేమంతా చప్పట్లు కొట్టాము.

ఆ జూన్ చివర ఎర్రగెడ్డ అనే వాగుకు వరదొచ్చి నేరేడువలస దగ్గరున్న దుంగల వంతెన కొట్టుకుపోయింది. గెడ్డకు అవతల ఊరు, జీడితోటలు. ఇవతల బస్సు రోడ్డు, హైస్కూలు, ఆసుపత్రి. ఆ వంతెన పోతే ఆ ఊరికి లోకం పోయినట్టే. నడుము లోతు నీళ్ళలో కూతుర్ని భుజాలమీద దాటిస్తూ ఒకాయన జారిపడ్డాడు. పిల్ల బతికింది, ఆయన కాలు విరిగింది. ఆ మర్నాటి నుంచి ఊళ్ళో ఎవరూ పిల్లల్ని బడికి పంపలేదు.

అక్కడి పనులు చూసే చిన్న ఇంజనీరు, ఏఈ పరిమళ. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. వెళ్ళి గెడ్డ చూసి, ఊరివాళ్ళతో మాట్లాడి, ఈఈ గారికి ఫోన్ చేసింది. ఈశ్వరప్రసాద్ గారు అప్పుడు పెళ్ళిలో ఉన్నారు. బాజాల మధ్య ఆయన, ముందు కట్టేయవమ్మా, కాగితాలు తర్వాత చూసుకుందాం అన్నారు. ఆ మాటకు ఫొటో లేదు కాబట్టి తేదీ కూడా లేదు.

కాంట్రాక్టరు అప్పలసూరి చిన్న చిన్న కల్వర్టులు కట్టుకునే మనిషి. మా గోడౌనులో తుప్పు పడుతున్న ఇనప దూలాలున్నాయని పరిమళ కనిపెట్టింది. ఆయన వాటిని మోయించి, ఊరివాళ్ళ చేత మట్టి తోయించి, సిమెంటు అప్పు తెచ్చి, జూలై ముగిసే లోపే వంతెన నిలబెట్టేశాడు. పెద్దదేమీ కాదు. ఆటో పోతుంది, బండి పోతుంది, బడికెళ్ళే పిల్లలు పోతారు. పరిమళ ప్రతి దశలోనూ నియమం ప్రకారం ఫొటోలు తీసింది. ఆ పిల్ల చేసిన తప్పల్లా అదే.

ఆగస్టులో మంజూరు ఉత్తర్వు వచ్చింది. నిధులు సెప్టెంబరు నుంచి వస్తాయి కాబట్టి ప్రాజెక్టు ప్రారంభ తేదీ సెప్టెంబరు ఒకటి అని అందులో ఉంది. నేను ఫొటోలన్నీ కాలజ్ఞలోకి ఎక్కించి మీట నొక్కాను. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. 'ఈ ఖర్చు ప్రాజెక్టు కంటే ముందు పుట్టినది. తిరస్కరించడమైనది.'

ప్రారంభ తేదీని జూలైకి జరపమని రాజధానికి రాశాము. జూలైకి తాళం పడిందనీ, తాళం తీస్తే ఒక్క మా డివిజన్‌కు కాక రాష్ట్రమంతటికీ తీసినట్టవుతుందనీ జవాబు వచ్చింది. ఒక్క వంతెన కోసం రాష్ట్ర ప్రజలందరినీ మళ్ళీ జూలైలోకి తీసుకుపోవడం సాధ్యం కాదనీ, ఆ మాత్రం మేము అర్థం చేసుకోవాలనీ రాశారు. మేము అర్థం చేసుకున్నాము.

దాంతో ఈశ్వరప్రసాద్ గారు సమావేశం పెట్టారు. ప్రారంభం కాని ప్రాజెక్టులో పూర్తయిన కట్టడం ఉండడానికి వీల్లేదని తేల్చారు. అందుచేత వంతెన ప్రస్తుతానికి లేదు. లేని వంతెన మీద జనం నడిస్తే ఏ ప్రమాదం జరిగినా బాధ్యత సంస్థదే అవుతుంది. పరిమళ లేచి, సార్, వంతెన ఉందండీ, పొద్దున్నే నేను దాని మీదుగానే వచ్చాను అంది.

ఈఈ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "అది మీ వ్యక్తిగత అనుభవం అమ్మా," అన్నారు.

ఆ సాయంత్రానికే గెడ్డకు రెండు వైపులా బోర్డులు పాతాము. 'ఈ వంతెన ఇంకా లేదు. దాటరాదు.' పెయింటరు ఆ మాటలు రెండుసార్లు చదివి, మళ్ళీ అడిగి, డబ్బు ముందే పుచ్చుకుని రాశాడు.

వంతెన లేనప్పుడు ఊరివాళ్ళకు వేరే దారి చూపించడం ప్రభుత్వ ధర్మం. వరద కాలంలో తాత్కాలిక రాకపోకలనే వేరే పద్దు కింద ఒక పడవను అద్దెకు తీసుకున్నాము. దాని ఫొటో ఆగస్టుది, ఉత్తర్వు ఆగస్టుది, నమోదు ఆగస్టుది. కాలజ్ఞ దాన్ని చూడగానే పచ్చ అక్షరాలతో స్వాగతం చెప్పింది. పడవ రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు వంతెన కిందుగా తిరిగేది. నడిపేవాడు మొదట్లో తల వంచుకుని దూలం కిందనుంచి పోయేవాడు. తర్వాత అలవాటైంది.

మొదటి వారం పిల్లలు సరదాకి పడవెక్కారు. తర్వాత ఎవరూ ఎక్కలేదు. జనం బోర్డు పక్కనుంచి దిగి, వంతెన ఎక్కి, అవతల దిగి, మళ్ళీ బోర్డు పక్కనుంచి పోయేవారు. అది ఆపమని నన్ను పంపారు. జీడిపిక్కల బుట్ట నెత్తిన పెట్టుకుని పోలమ్మ అనే పెద్దావిడ వంతెన మధ్యలో నడుస్తోంది. అమ్మా, బోర్డు చదవలేదా అని అడిగాను. చదువు రాదంది. చదివి వినిపించాను. ఆవిడ బుట్ట సరిచేసుకుంది.

"లేదని మీరే రాసినారు కదా బాబూ. లేని దాని మీద నడిస్తే తప్పేటి?"

ఆవిడ అన్నది నియమాలకు పూర్తిగా లోబడి ఉందని ఈఈ గారికి నివేదించాను. ఆయన దాన్ని ఫైల్లో పెట్టించారు.

ఇంతలో పరిమళకు మెమో వచ్చింది. 'ప్రారంభము కాని పనిని పూర్తి చేసినందులకు' ఎందుకు చర్య తీసుకోకూడదో చెప్పాలని అందులో ఉంది. పని ఆలస్యం చేసినవాళ్ళకు ఇచ్చే మెమో అచ్చు నమూనా ఒకటి మా దగ్గరుంది. ముందుగా చేసినవాళ్ళకు నమూనా లేక కొత్తగా రాయవలసి వచ్చింది. ప్రొబేషన్‌లో ఉన్న మనిషికి మెమో అంటే ఉద్యోగం ఊడటానికి తొలిమెట్టు. ఆ పిల్ల ఏడవలేదు. మధ్యాహ్నం డబ్బా విప్పి, ఒక ముద్ద తిని, మళ్ళీ మూత పెట్టేసింది. నేను నా పెరుగన్నం జరిపితే వద్దంది. ఇంకోసారి గెడ్డ పొంగినా ఇదే పని చేస్తానని మాత్రం అంది. నాతో కాదు, డబ్బాతో చెప్పినట్టు చెప్పింది.

సెప్టెంబరు వచ్చింది. ఇప్పుడు ప్రాజెక్టు ప్రారంభమైంది కదా అని మళ్ళీ బిల్లు పెట్టాను. లెక్కలకెక్కే తేదీ సెప్టెంబరు అయినా ఫొటోలోని పని జూలైదేనని కాలజ్ఞ మళ్ళీ ఎర్రబడింది. పైగా, ప్రాజెక్టు ప్రారంభమైంది కాబట్టి పునాది గోతుల ఫొటో ఏదని అడగడం మొదలుపెట్టింది. రోజూ అడిగేది. గొయ్యి తవ్వాలంటే పైన వంతెన ఉండకూడదు.

ఉన్న వంతెనను కూల్చి, సరైన తేదీలతో మళ్ళీ కడదామని ఈశ్వరప్రసాద్ గారు ప్రతిపాదించారు. అదృష్టం బాగుండి కూల్చడానికి కాలజ్ఞ ఒప్పుకోలేదు. కూల్చివేత ఖర్చు నమోదు చేయాలంటే కట్టడం నంబరు ఉండాలి. లేని వంతెనకు నంబరెక్కడిది? లేనిదాన్ని కూల్చడం ఘోరమైన అక్రమమని ఆడిట్ విభాగం కూడా హెచ్చరించింది. ఆ విధంగా వంతెన, తాను లేకపోవడం వల్ల బతికిపోయింది.

మిగిలిన దారి ఒక్కటే. దాని పక్కనే రెండో వంతెన కట్టడం. అప్పలసూరిని పిలిపించారు. మొదటి వంతెన బాకీ సంగతేమిటని ఆయన అడిగాడు. ఏ వంతెన అని ఈఈ గారు అడిగారు. అప్పలసూరి కిటికీలోంచి బయటికి చూశాడు గానీ అక్కడినుంచి ఎర్రగెడ్డ కనపడదు. రెండో వంతెనకు ముందస్తు సొమ్ము సెప్టెంబరు తేదీతో గంటలో మంజూరైంది. కట్టినదానికి రాని డబ్బు కట్టనిదానికి వచ్చేసరికి ఆయన చెక్కును చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. సిమెంటు కొట్టువాళ్ళు ఇంటి ముందు కూర్చుంటున్నారట. తీసుకోక తప్పలేదు. పోయి గోతులు తవ్వించాడు. ఊరివాళ్ళు వంతెన మీద నిలబడి, రెయిలింగు పట్టుకుని, కొత్త వంతెనకు గోతులు తవ్వడం చూశారు.

మా నమోదులు అప్పటికి ఎంత శుభ్రంగా ఉన్నాయంటే, రాష్ట్రంలో ఒక్క తేదీ తప్పు కూడా లేని డివిజన్‌గా మాకు పేరొచ్చింది. తిరస్కరించినవి లెక్కలోకి రావు, మిగిలిందంతా పడవే. అక్టోబరులో సాక్షాత్తూ కమిషనర్ గారు మమ్మల్ని అభినందించడానికి బయల్దేరారు. కాలజ్ఞను రాష్ట్రానికి తెచ్చింది ఆయనే. బోర్డుల మీద పాత గోనెపట్టాలు కప్పాము. వంతెన కప్పడానికి సరిపడా పట్టా దొరకలేదు.

కమిషనర్ గారు పడవలోనే గెడ్డ దాటారు. దాటుతూ తల పైకెత్తి దూలాలు చూశారు. మనిషి ఎక్కడుంటే అక్కడ హాజరు వేసేది కూడా కాలజ్ఞే కాబట్టి, ఒడ్డెక్కగానే ఆయన ఫోన్ 'నేరేడువలస, హాజరు' అని మోగింది. ఊరి రచ్చబండ దగ్గర సభ జరిగింది. కాలాన్ని అదుపులో పెట్టిన జాతే ముందుకు పోతుందని ఆయన చెబుతుండగా కొండల మీద వాన మొదలైంది. సభ ముగిసేసరికి ఎర్రగెడ్డ పేరుకు తగ్గట్టు ఎర్రగా పొంగింది. అప్పలసూరి తవ్విన గోతులు నిండిపోయాయి. పడవ తాడు తెంపుకుని సముద్రం దిక్కుగా పోయింది. నష్టాన్ని జరిగిన వెంటనే నమోదు చేయాలన్నది నియమం. నేను అక్కడే గొడుగు కింద నిలబడి, పడవ పోయిందని ఫోన్లో నమోదు చేశాను. పచ్చ అక్షరాలు వచ్చాయి.

నీళ్ళు ఇంకా ఇంకా పెరుగుతున్నాయి. కమిషనర్ గారు వంతెన దగ్గరికి వచ్చారు. గాలికి గోనెపట్టా ఎగిరిపోయి బోర్డు బయటపడింది. ఆయన చదివి, వంతెన వైపు చూపించి, ఇదేమిటని అడిగారు.

"ఏమీ లేదండీ," అన్నారు ఈశ్వరప్రసాద్ గారు వినయంగా.

కమిషనర్ గారు ఇంకేదో అనబోయేలోగా పోలమ్మ బుట్టతో వచ్చి, మా అందరినీ తప్పుకోమని, వంతెన ఎక్కి పోయింది. వెనకాల బడిపిల్లలు పోయారు. పరిమళ, సార్, నడవండి, గట్టిదే, నేనే దగ్గరుండి కట్టించాను అంది. కమిషనర్ గారు మా వంక చూశారు, నీళ్ళ వంక చూశారు. ప్యాంటు అంచులు మడుచుకుని నడిచారు. కింద గెడ్డ హోరు పెడుతోంది. వంతెన కదలనైనా లేదు. ఇవతలి ఒడ్డున దిగి కారెక్కి వెళ్ళిపోయారు.

వారం తర్వాత రాజధానిలో ఆయన తన ప్రయాణ ఖర్చు బిల్లు పెట్టుకున్నారు. ఎర్రబడింది. నేరేడువలసకు వెళ్ళినట్టు హాజరు ఉంది. తిరిగి రావడానికి ముందే పడవ పోయింది. వంతెన లేదు. కాబట్టి ప్రయాణికుడు అవతలి ఒడ్డునే ఉన్నాడని కాలజ్ఞ తేల్చింది. మర్నాటి నుంచి రాజధాని ఆఫీసులో ఆయన హాజరు పడలేదు. సంతకం చెల్లలేదు. కుర్చీ ఖాళీగా ఉందని ఇన్‌చార్జి కమిషనర్‌ను వేశారు. ఆయన ఉద్యోగ కేంద్రం నేరేడువలసకు మారింది గనుక క్వార్టరు ఖాళీ చేయాలని నోటీసు ఇచ్చారు. నేరేడువలసలో వసతి చూడమని మాకూ ఉత్తర్వు వచ్చింది. నేను రచ్చబండ పక్కన ఒక గది చూసి ఉంచాను.

ఆయన స్వయంగా ఇన్‌చార్జి గదికి పోయి ఎదురుగా నిలబడి, నేను ఇక్కడే ఉన్నానయ్యా అన్నారట. ఇన్‌చార్జి గారు లేచి నిలబడి నమస్కారం పెట్టారట. "తమరు రావడం సంతోషం సార్. రికార్డు ప్రకారం మాత్రం తమరు అవతలి ఒడ్డునే ఉన్నారు," అన్నారట.

ఆ మధ్యాహ్నం జూలై తాళం తీశారు. సాధ్యం కాదని ఉత్తరాలు రాసినవాళ్ళే టీ చల్లారేలోగా తీశారు. రాష్ట్రం మొత్తం సాయంత్రం దాకా జూలైలో ఉంది. ఎవరికీ ఏమీ కాలేదు. ప్రారంభ తేదీ వెనక్కి జరిగింది, వంతెన పుట్టింది, రెండో వంతెన రద్దయి దాని ముందస్తు సొమ్ము పోను అప్పలసూరి బిల్లు పాసయింది, కమిషనర్ గారు లెక్కల్లో కూడా ఇవతలి ఒడ్డుకు చేరారు. వెంటనే తాళం మళ్ళీ వేసి, ఇకపై ఏ కారణం చేతనూ మూసిన నెలను తెరవరాదని ఆయన సంతకంతోనే సర్క్యులర్ వచ్చింది.

పరిమళ మీద మెమో రద్దయింది. ఆ సంతోషం ఒక్క పూట నిలిచింది. సాయంత్రం రెండో మెమో వచ్చింది. 'సదరు వంతెన జూలై మాసము నుండియే వినియోగములో ఉండగా, దాని క్రిందుగా ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు మాసములలో పడవ నడిపించి ప్రభుత్వ ధనమును వృథా చేసినందులకు సంజాయిషీ ఇవ్వవలెను.'

పడవ ఉత్తర్వు మీద సంతకం ఈఈ గారిది. నేనా మాట చెప్పబోతే పరిమళ ఆపింది. అప్పటికి అక్టోబరు కూడా మూసేశారా అని మాత్రం అడిగింది. పొద్దున్నే మూసేశారని చెప్పాను. ఆ పిల్ల కుర్చీ లాక్కుని, ఈశ్వరప్రసాద్ గారి తెలుగులో జవాబు రాసింది.

'తమరు పేర్కొనిన మాసములన్నియు మూసివేయబడినవి. మూసిన మాసములలో ఏమియు జరుగదని సంస్థ నియమము. కావున సదరు పడవ నడిచినదని తెలుపుటకు నాకు అధికారము లేదు. అది నడిచినదని పై అధికారులు భావించుచో, ఆ మాసములను తెరచి చూపవలసినదిగా ప్రార్థన.'

ఆ జవాబు ఈఈ గారి దగ్గర, ఆడిట్ దగ్గర, కమిషనర్ గారి దగ్గర ఆగి ఆగి వచ్చింది. ఎవరూ ఏ నెలనూ తెరవలేదు. అడుగున ఒక్క మాట ఉంది. 'సంతృప్తికరము.' ఆ చలికాలంలోనే ఆమె ప్రొబేషన్ కూడా పూర్తయింది.

మొన్న అప్పలసూరి ఆఫీసుకు వచ్చాడు. అప్పులు తీర్చుకున్న మనిషి, కొత్త చొక్కా వేసుకున్నాడు. ఎర్రగెడ్డకు పైన మరో వాగు ఉంది, దాని అవతల ఇంకో ఊరుంది. పరిమళ అక్కడ కొలతలు తీసి వచ్చింది. మంజూరు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. నక్షా చూపించి, ఇదీ పని అంది. ఆయన దాన్ని తిరగేసి, మరగేసి చూసి, తల గోక్కున్నాడు.

"ఈపాలి ఏ నెల్లో కట్టమంటారమ్మా?" అని అడిగాడు.

"వానకి ముందు నెల్లో," అంది పరిమళ.